కాంట్ మహాశయుని మూర్తిమత్వం – మూసకు అందినదీ, అందనిదీ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగానికి పాఠం)



పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. అన్నారే గాని, ఆ పుర్రెలన్నింటినీ నాలుగైదు గంపల్లోకి సర్దిపెట్టాలన్న కోరిక మాత్రం మనిషిని ఏనాడూ వదలలేదు. ఏ తరగతి గదిలోనైనా జూన్ నెలలో బడి తెరిచిన పదిహేను రోజులకల్లా ఆ పని పూర్తవుతుంది. ఒకడు చురుకు, ఒకడు మందమతి, ఒకతె ముంగి, ఇంకొకతె వాగుడుకాయ. ఆ పేర్లు పెట్టేవారిలో ఉపాధ్యాయులుంటారు, తోటి పిల్లలుంటారు, కన్న తల్లిదండ్రులూ ఉంటారు. డెబ్బై ఐదేళ్ళ పండుగకు వచ్చి కూర్చున్న పూర్వ విద్యార్థులలో, తనకు ఆనాడు పెట్టిన పేరు ఇంకా గుర్తులేనివారు బహుశా ఉండరు.

ఈ పేర్లు పెట్టే పనికి ఇరవయ్యవ శతాబ్దంలో శాస్త్రం తోడు వచ్చింది. ప్రశ్నావళులు వచ్చాయి, మార్కులు వచ్చాయి, ఆంగ్లాక్షరాల పొట్లాలు వచ్చాయి. ఉద్యోగాలలోనూ, కళాశాలల్లోనూ వాటి వాడుక విస్తరించింది. ఆ కొలబద్ద ఎంతవరకు పనికివస్తుందో తెలియాలంటే, జీవితం బాగా నమోదైన ఒక వ్యక్తిని తీసుకొని దానితో కొలిచి చూడటం మంచి మార్గం. అందుకు జర్మన్ తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ కంటే తగిన వ్యక్తి దొరకడు. ఎందుకంటే ఆయనను మూసలో పోయడం అతి సులభమని అందరూ అనుకుంటారు.

కాంట్ 1724 ఏప్రిల్ 22న ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బెర్గ్ నగరంలో జన్మించాడు. ఆ నగరమే 1946 నుంచి రష్యా ఏలుబడిలో కాలినిన్‌గ్రాడ్ అయింది. తండ్రి గుర్రపు జీనులూ పట్టీలూ కుట్టే పనివాడు. తల్లి ఆయన పదమూడవ ఏటనే గతించింది. 1804 ఫిబ్రవరి 12న మరణించేవరకూ కాంట్ ఆ ప్రాంతం దాటి దూరదేశం వెళ్ళలేదు, వివాహమాడలేదు. ఉదయం ఐదు గంటలకు సేవకుడు లాంపే వచ్చి వేళైందని లేపేవాడు. తేనీరు, పొగాకు, పాఠాల తయారీ, ఏడు గంటలకు బోధన, ఆపై రచన, మధ్యాహ్నం ఒక్కపూట భోజనం, తరువాత నడక, రాత్రి పదింటికి నిద్ర. ఆయన నడకకు బయలుదేరడం చూసి ఇరుగుపొరుగువారు గడియారాలు సరిచేసుకొనేవారని కవి హైన్రిక్ హైనె 1834లో హాస్యంగా వ్రాసిన ముక్క లోకమంతా ప్రచారమైంది. రూసో వ్రాసిన ‘ఎమిలీ’ చేతికి వచ్చిన రోజున మాత్రం చదువులో మునిగి నడక మానేశాడని మరొక కథ. ఆయన ఇంటి గోడమీద ఉన్న ఒకే ఒక్క చిత్రపటం ఆ రూసోదే.

ఇంతవరకు విన్నవారెవరైనా ఏమంటారు? అంతర్ముఖుడు, యంత్రంవంటి మనిషి, హృదయం కంటే బుద్ధి ఎక్కువైనవాడు అంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ గుస్టావ్ యుంగ్ కూడా చాలావరకు అదే అన్నాడు.

యుంగ్ 1921లో మానసిక వర్గాలపై తన గ్రంథాన్ని వెలువరించాడు. మనుషులను వర్గీకరించడం అప్పటికే పాత విద్య. గ్రీకు వైద్యులు శరీరంలోని నాలుగు ద్రవాలనుబట్టి నాలుగు స్వభావాలు చెప్పారు: ఉల్లాసి, కోపిష్ఠి, విషాది, మందగామి. మన ఆయుర్వేదం వాత, పిత్త, కఫ ప్రకృతులు చెప్పింది. సాంఖ్యం సత్త్వరజస్తమో గుణాలు చెప్పింది. యుంగ్ ద్రవాలను వదలి మనసు నడిచే దిశను పట్టుకున్నాడు. మనసు బయటి వస్తువులవైపు పరుగెత్తితే బహిర్ముఖం, తనలోని భావాలవైపు మళ్ళితే అంతర్ముఖం. దీనికి తోడు ఆలోచన, అనుభూతి, ఇంద్రియ సంవేదన, అంతఃస్ఫురణ అనే నాలుగు శక్తులు. ఒక్కొక్కరిలో ఒక్కొక్క శక్తి పెద్దరికం వహిస్తుంది; దానికి ఎదురుగా ఉన్నది అణగి, ఎదగక, వేళకాని వేళ బయటపడుతుంది. రెండు దిశలు, నాలుగు శక్తులు – వెరసి ఎనిమిది వర్గాలు. బహిర్ముఖ చింతకునికి ఉదాహరణగా యుంగ్ డార్విన్‌ను చూపాడు. అంతర్ముఖ చింతకునికి కాంట్‌ను చూపాడు. ఒకరు ప్రపంచమంతా తిరిగి వాస్తవాలు పోగుచేశారు. మరొకరు కదలకుండా కూర్చుని అసలు తెలుసుకోవడమంటే ఏమిటని అడిగారు.

తరువాత అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ యుంగ్ భావాలకు మరొక జంటను స్పష్టంగా చేర్చి, నాలుగు అక్షరాల పదహారు వర్గాలుగా విస్తరించి ప్రశ్నావళిగా మలచారు. వారిద్దరూ విశ్వవిద్యాలయాలలో మనస్తత్వ శాస్త్రం చదివినవారు కారు. అది వారిని చిన్నబుచ్చడానికి కాదు. ఆ పరీక్షకు వచ్చిన ప్రచారానికీ, శాస్త్రజ్ఞులలో దానికున్న పరపతికీ మధ్య అంతరం ఎందుకుందో తెలియడానికి చెప్పవలసి ఉన్నది. ఆ పద్ధతిని ఇష్టపడేవారు కాంట్‌ను సాధారణంగా ఐ.ఎన్.టి.పి. అనే గదిలో కూర్చోబెడతారు.

న్యాయంగా చెప్పాలంటే, యుంగ్ కన్ను పొరపడలేదు. 1770లో ఆచార్య పదవి లభించిన తరువాత కాంట్ పదకొండేళ్ళపాటు దాదాపు ఏమీ ప్రచురించలేదు. 1772 ఫిబ్రవరిలో తన పూర్వ శిష్యుడు మార్కస్ హెర్ట్స్‌కు ఉత్తరం వ్రాస్తూ, కొత్త గ్రంథం మూడు నెలల్లో వస్తుందన్న ఆశ కల్పించాడు. మూడు నెలలు తొమ్మిదేళ్ళయ్యాయి. ‘శుద్ధ ప్రజ్ఞా విమర్శ’ 1781లో వెలువడింది. పన్నెండేళ్ళ ఆలోచనను నాలుగైదు నెలల్లో హడావుడిగా కాగితం మీద పెట్టానని, పాఠకుని సౌకర్యం పట్టించుకోలేదని ఆయనే ఒప్పుకొన్నాడు. లోపల ఆలోచన పూర్తయితే చాలు, దాన్ని ఎదుటివారికి అందించడం రెండో పని. ఇది యుంగ్ గీసిన చిత్రమే.

అణగిన అనుభూతి వేళకాని వేళ బయటపడుతుందన్న మాటకూ సాక్ష్యముంది. సోదరీమణులు అదే ఊళ్ళో ఉన్నా కాంట్ వారిని కలవడం అరుదు. డబ్బు సాయం మాత్రం చేసేవాడు. నలభై ఏళ్ళు కొలిచిన లాంపేను 1802లో పనినుంచి తీసివేయవలసి వచ్చింది. ఆ తరువాత, లాంపే పేరు ఇక పూర్తిగా మరచిపోవాలని ఒక కాగితం ముక్క మీద తనకు తానే వ్రాసిపెట్టుకున్నాడు. మరచిపోవలసిన పేరును గుర్తుపెట్టుకోవడానికి వ్రాసుకున్న చీటీ అది! ఆలోచనకు లొంగని దుఃఖాన్ని ఆలోచనతోనే తరిమికొట్టబోయిన వృద్ధుడు ఆ చీటీలో కనిపిస్తాడు. చివరి రోజుల్లో ఆయన మంచం పక్కన కూర్చున్నది, అన్నాళ్ళు దూరంగా ఉన్న ఒక సోదరే.

ఇక అందనివి చూడాలి. అంతర్ముఖ చింతకుడు చెడ్డ ఉపాధ్యాయుడని యుంగ్ అదే గ్రంథంలో వ్రాశాడు. బోధిస్తున్నంతసేపూ వాడి మనసు విషయం మీద ఉంటుందే గాని, చెప్పే తీరు మీద ఉండదట. ఉపాధ్యాయులున్న సభలో ఈ మాట ప్రత్యేకంగా ప్రస్తావింపదగినది. ఎందుకంటే కాంట్ 1755 నుంచి పదిహేనేళ్ళు జీతం లేని అధ్యాపకుడు. ఆనాటి పద్ధతి ప్రకారం విద్యార్థులు ఇచ్చే రుసుమే ఆయనకు భుక్తి. పాఠం రుచించకపోతే పొయ్యి వెలగదు. వారానికి పదహారు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, తర్కం, గణితం, భౌతికశాస్త్రం, నీతిశాస్త్రం, భూగోళం చెప్పాడు. 1762-64 మధ్య ఆయన వద్ద చదివిన హెర్డర్, తరువాతి కాలంలో గురువుతో తీవ్రంగా విభేదించి కూడా, ఆనాటి పాఠాలలోని ఉత్సాహాన్ని, ఛలోక్తులను, విద్యార్థిని స్వయంగా ఆలోచింపజేసే నేర్పును కృతజ్ఞతతో తలచుకున్నాడు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ వంతెనను కాంట్ వర్ణిస్తుంటే విన్న ఒక ఆంగ్లేయుడు, తమరు లండన్‌లో ఎన్నేళ్ళున్నారని అడిగాడట. కాంట్ సముద్రమైనా దాటినవాడు కాడు. చదివి, విని, మనసులో కట్టుకున్న వంతెన అది.

చెడ్డ ఉపాధ్యాయుడన్న మాట ఎక్కడ పోయినట్టు?

భోజనం సంగతి కూడా అంతే. ఒంటరిగా తినడం ఆలోచనాపరునికి ఆరోగ్యకరం కాదని కాంట్ వ్రాశాడు. అతిథుల సంఖ్య త్రిమూర్తుల్లాంటి గ్రీకు దేవతల లెక్కకు – మూడుకు – తగ్గకూడదు, కళాదేవతల లెక్కకు – తొమ్మిదికి – మించకూడదని నియమం. వచ్చేవారు వర్తకులు, వైద్యులు, అధికారులు. మూడు నాలుగు గంటలు సాగే ఆ విందులో తత్త్వశాస్త్రం కంటే లోకవార్తలే ఎక్కువ. వంటల తయారీ గురించి కూడా ఆయన వివరంగా ముచ్చటించేవాడు. మరి నడకకు ఒంటరిగా వెళ్ళేవాడు కదా అంటే, అందుకు ఒక కారణం చాలా సామాన్యమైనది. మాట్లాడుతూ నడిస్తే నోటితో గాలి పీల్చవలసి వస్తుంది. ముక్కుతోనే శ్వాసించాలన్నది ఆయన ఆరోగ్య నియమం. ప్రశ్నావళిలో ‘ఒంటరి నడక ఇష్టమా’ అనే గడి ముందు ఆయన చేత టిక్కు పెట్టిస్తే, ఊపిరితిత్తుల వ్యవహారం కాస్తా ఆత్మ స్వభావంగా నమోదైపోయేది!

నాలుగక్షరాల పద్ధతిలో ఇంకా పెద్ద చిక్కుముడి ఉంది. దానిలో నాలుగవ అక్షరం మనిషి బయటి లోకంతో వ్యవహరించే తీరును చెబుతుంది. అన్నీ ముందే నిర్ణయించుకొని వేళ ప్రకారం నడిచేవారికి ‘జె’. వచ్చినదానిని వచ్చినట్టు స్వీకరిస్తూ, నిర్ణయం వాయిదా వేసేవారికి ‘పి’. యుంగ్ చెప్పిన అంతర్ముఖ చింతకునికి ఆ లెక్కలో ‘పి’ పడుతుంది. మరి ఊరి గడియారాన్ని దిద్దిన మనిషికి ‘పి’ ఎలా అతుకుతుంది? సరే, ‘జె’ వేద్దామంటే దినచర్యకు సరిపోతుంది గాని, అప్పుడు ఆయన ప్రధాన శక్తి ఆలోచన కాక అంతఃస్ఫురణ అయి కూర్చుంటుంది. అంతఃస్ఫురణ గల అంతర్ముఖునిగా యుంగ్ భావించిన నీషే పక్కనే కాంట్‌కు పీట వేయవలసి వస్తుంది. దినచర్యను నిలబెడితే గ్రంథం పడిపోతుంది. గ్రంథాన్ని నిలబెడితే దినచర్య పడిపోతుంది. ఈ తగాదా తీరకపోవడానికి కారణం కాంట్ జీవితంలోనే ఉంది. ఆ గడియారం ఆయనది కాదు.

1764లో కాంట్‌కు నలభై ఏళ్ళు నిండాయి. అంతకు ముందరి కాంట్‌ను చూస్తే హైనె పోల్చుకోలేకపోయేవాడు. విద్యార్థి దశలో బిలియర్డ్స్ ఆడి ఖర్చులకు గెలుచుకున్న యువకుడు. అధ్యాపకుడైన తరువాత జరీ అంచు కోటు ధరించి, పేకాటలకు, నాటకాలకు, విందులకు హాజరయ్యే ‘సొగసైన మాస్టారు’. కాంట్‌లో ఎన్నో గ్రంథాల సంకల్పాలున్నా, సరదాల సుడిగుండంలో కొట్టుకుపోతున్నాడని మిత్రుడు హామన్ 1764లో బెంగపడ్డాడు. ఆ రోజున ప్రశ్నావళి ఇచ్చి ఉంటే ఏ అక్షరాలు వచ్చేవో ఊహించడం కష్టం కాదు.

ఆ సంవత్సరంలోనే కాంట్ సన్నిహిత మిత్రుడొకడు మరణించాడు. ఇంచుమించు అదే కాలంలో జోసెఫ్ గ్రీన్ అనే ఆంగ్ల వర్తకునితో స్నేహం కుదిరింది. వేళ పాటించడంలో గ్రీన్ మొండివాడు. కోనిగ్స్‌బెర్గ్ రచయిత హిప్పెల్ 1765లో గడియారం ప్రకారం నడిచే మనిషిపై ఒక హాస్య నాటకం ప్రకటించాడు. దానిలోని నాయకుడు కాంట్ కాదు, గ్రీన్! ఉదయం ఎనిమిదింటికి బండిలో షికారు వెళ్దామని గ్రీన్, కాంట్ అనుకున్నారు. ఎనిమిదికి పావుగంట ముందు గ్రీన్ గడియారం చేతబట్టి గదిలో పచార్లు మొదలుపెట్టాడు. మరో ఐదు నిమిషాలకు టోపీ పెట్టాడు, ఇంకో ఐదు నిమిషాలకు చేతికర్ర తీసుకున్నాడు, ఎనిమిది కొట్టగానే బండి ఎక్కి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాలు ఆలస్యమైన కాంట్ దారిలో వంతెన మీద ఎదురై చేతులూపినా బండి ఆగలేదు.

ఆ ఆలస్యగాడే కాలక్రమాన గడియారమయ్యాడు. సాయంత్రం గ్రీన్ ఇంటినుంచి ఆ మిత్ర బృందం సరిగ్గా ఏడింటికి లేచేది. కాంట్ ఇంకా కనబడలేదు కాబట్టి ఏడు కాలేదని వీధివారు అనుకునేవారట. పేకాట మానాడు. ‘శుద్ధ ప్రజ్ఞా విమర్శ’లోని ప్రతి వాక్యాన్ని గ్రీన్‌తో చర్చించాడని సమకాలికులు చెప్పారు. ఏకాంతంలో పుట్టిందనుకునే ఆ గ్రంథానికి, తత్త్వశాస్త్రంలో పట్టా లేని ఒక వర్తకుడు తొలి శ్రోత. 1786లో గ్రీన్ చనిపోయాక కాంట్ సాయంకాలపు కూటములకు వెళ్ళడం మానేశాడు. జీవిత చరిత్రకారుడు మాన్‌ఫ్రెడ్ క్యూన్ 2001లో ఈ స్నేహాన్ని కాంట్ జీవితంలో ప్రధాన మలుపుగా చూపించాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్న సామెత ఇక్కడ నిలవలేదు.

నిలవదని కాంట్‌కు తెలుసు. ఎందుకంటే వర్గీకరణ ఆయనకూ ప్రియమైన విద్యే. 1764లో వెలువడిన తన చిన్న గ్రంథంలో విషాద స్వభావుని ఎంతో గౌరవంగా చిత్రించాడు. అది ఆయన సొంత రూపమని చాలామంది భావించారు. తన ఛాతీ చదునుగా, ఇరుకుగా ఉండటం వల్ల దిగులు తనకు సహజ లక్షణమైందని, దానిని లక్ష్యపెట్టకుండా ఉండటం సాధించానని 1798లో వ్రాశాడు. అదే ఏట ప్రకటించిన ‘మానవశాస్త్రం’లో నాలుగు స్వభావాలనూ వివరించి, ఒక గీత గీశాడు. స్వభావం ప్రకృతి మనిషిని ఏమి చేసిందో చెబుతుంది. శీలం మనిషి తన్ను తాను ఏమి చేసుకున్నాడో చెబుతుంది. ఈ రెండవది ముప్పైకి ముందు ప్రయత్నించేవారు తక్కువ, నలభైకి ముందు స్థిరపరచుకొనేవారు ఇంకా తక్కువ అన్నాడు. నలభై అంకె ఆయన గాలిలోంచి తీసినది కాదని గ్రీన్ కథ విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంత చక్కని గీత గీసిన మనిషే దానిని ఇతరుల విషయంలో మరచిపోయాడు. ఇది దాచవలసిన విషయం కాదు. తనను తాను మార్చుకోగల హక్కు కోనిగ్స్‌బెర్గ్ వర్తకునికీ ఆచార్యునికీ ఇచ్చిన కాంట్, 1764 గ్రంథంలోనే చర్మవర్ణాన్ని చూపి ఆఫ్రికన్ల బుద్ధిని హీనపరిచాడు. ప్రయాణికుల పుస్తకాలు చదివి, భూగోళ పాఠాలలో జాతులకు జాతులనే మూసలలో పోశాడు. వెస్ట్‌మినిస్టర్ వంతెనను చూడకుండా వర్ణించడం వినోదం. మనుషులను చూడకుండా వర్ణించడం అన్యాయం. 1795లో ‘శాశ్వత శాంతి’ వ్రాసేనాటికి స్వరం మారింది. వర్తక స్థావరాల నెపంతో హిందూస్థానంలో సైన్యాలు దింపి, అక్కడివారిని అణచి, యుద్ధాలూ కరవులూ తెచ్చిన వైనాన్ని అందులో తూర్పారబట్టాడు. డెబ్బై ఏళ్ళు దాటినవాడు దిద్దుకున్నాడంటే మెచ్చుకోవలసిందే. పూర్తిగా దిద్దుకున్నాడనడం మాత్రం కష్టం.

ఈనాటి వర్గ పరీక్షల విషయానికి వస్తే, కొన్ని వారాల ఎడంతో అదే ప్రశ్నావళిని మళ్ళీ పూర్తిచేసినవారిలో చాలామందికి వేరే అక్షరాలు వస్తున్నట్టు పరిశోధకులు చాలాకాలంగా చూపుతున్నారు. కారణం అంతుపట్టనిది కాదు. అధిక సంఖ్యాకులు రెండు కొసలకు మధ్యలో ఉంటారు. నడుమ గీత గీస్తే ఒక్క జవాబు మారినా మనిషి గీత దాటిపోతాడు. తన ధోరణి ఏమిటో తెలుసుకొని ముచ్చటించుకోవడానికి అవి పనికిరావని కాదు. పదమూడేళ్ళ పిల్లవాడిని ఏ చదువులో వేయాలో తేల్చే తీర్పుగా వాడితే మాత్రం ప్రమాదం.

ఎందుకంటే కాంట్ కూడా ఒకప్పుడు పదమూడేళ్ళవాడే. ఎనిమిదవ ఏట, 1732లో, కఠిన మతశిక్షణకు పేరుపొందిన పాఠశాలలో చేరి 1740 వరకు చదివాడు. ఆ రోజులను పెద్దయ్యాక కూడా బానిసత్వంగా, భయంతో తలచుకునేవాడు. అక్కడ ఆయనను ఆకట్టుకున్నది లాటిన్ సాహిత్యం. తత్త్వశాస్త్రం, గణితం చెప్పినవారు ఆయనలో నిప్పురవ్వను రాజేయలేకపోయారు. ఆనాడు ఆ బడిలో అభిరుచి పరీక్ష పెట్టి ఉంటే, ఈ కుర్రవాడు లాటిన్ పండితుడవుతాడు, తత్త్వశాస్త్రం వీనికి సరిపడదు అని వ్రాసి సంతకం చేసేవారు. ఆ పరీక్షలో తప్పేమీ ఉండేది కాదు కూడా.

చివరగా ఒక చిన్న పుస్తకం ముచ్చట. ఏ అక్షరాల పొట్లంలోనూ ఇది ఇమడదు. పరాయి భాషల నడుమ తెలుగు చెబుతూ డెబ్బై ఐదేళ్ళు నడిచిన బడికి దీనిని విన్నవించడం సముచితం. జర్మన్ మాట్లాడే ప్రష్యాలో లిథువేనియన్ భాష మాట్లాడే పల్లెలుండేవి. కాంట్ యువకుడిగా అటువంటి ప్రాంతంలో ఇళ్ళల్లో ఉండి పిల్లలకు చదువు చెప్పి పొట్టపోసుకున్నాడు. 1800లో మీల్కె అనే ఆయన లిథువేనియన్-జర్మన్ నిఘంటువును అచ్చువేయించాడు. దానికి ‘ఒక మిత్రుని అనుబంధం’ పేరుతో చిన్న లేఖ జోడించింది డెబ్బై ఆరేళ్ళ కాంట్. పెద్దలముందు కూడా దాస్యం లేకుండా సూటిగా మాట్లాడే ఆ ప్రజల తీరు నిలవాలని, అది నిలవడానికి ప్రధాన సాధనం వారి భాషేనని, బడిలోనూ ప్రార్థనాలయంలోనూ దానిని స్వచ్ఛంగా బోధించాలని అందులో వ్రాశాడు. అప్పటికి ఆయన జ్ఞాపకశక్తి సన్నగిల్లుతోంది. స్వయంగా పేరుపెట్టి ప్రచురించిన కడపటి రచనలలో అది ఒకటి.